3.20 అంటే ఎంత? ఎక్సెల్ మాక్రోలో హెల్పర్ ఫంక్షన్లు

మా హాస్టల్ గదిలో ముగ్గురం ఉంటాం. ఒకడిది తెనాలి దగ్గర, ఇంకొకడిది ఒంగోలు వైపు, నాది రాయికోడ్. ఒకరోజు రఫ్ నోట్‌బుక్‌లో 3.20 అని రాసి, "ఇది ఎంత భూమి?" అని అడిగాను. తెనాలివాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "మూడెకరాల ఇరవై సెంట్లు" అన్నాడు. మా దగ్గర అది మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. రాత ఒకటే. తేడా మాత్రం 1452 గజాలు.

సెంటు ఎకరంలో నూరో వంతు. గుంట ఎకరంలో నలభయ్యో వంతు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న ముక్క ఒక గుంట, అంటే 121 గజాలు. మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న జిల్లాలకు సెంట్లు వచ్చాయి, నిజాం ఏలిన జిల్లాలకు గుంటలు వచ్చాయి. కాబట్టి తెనాలివాడి చుక్క నిజంగా దశాంశ బిందువే. మా చుక్క అది కాదు. ఎకరాలకీ గుంటలకీ మధ్య కట్టిన గోడ అది, అంతే. పాత పహాణీలో అడ్డగీత పెట్టి 3-20 అని రాసినా అర్థం మారదు.

ఎక్సెల్ పుట్టుకతోనే సెంట్ల పార్టీ. దానికి 3.20 అంటే మూడు పాయింట్ రెండు, ఇంకో అర్థం లేదు. ఆ సంగతి ఆలోచించకుండా నేను రాసిన మాక్రో ఒకటి మా ఊళ్ళో రెండు నెలలు నడిచింది. దాన్ని ఎలా బాగుచేశానో చెప్పడమే ఈ పాఠం. విబిఎ రానివాళ్ళూ చదవొచ్చు. పైథాన్‌లో రాసేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

ఒక మాట ముందే. కోడ్‌ని ల్యాబ్‌లో మనం నోటితో చదువుకునే తీరులో తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను. ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. విబిఎ ఎడిటర్‌కి తెలుగు అక్షరం అతికిస్తే ప్రశ్నార్థకం గుర్తులు కనిపిస్తాయి. 1993లో ఎక్సెల్‌లోకి వచ్చిన విబిఎ, ఆ ఒక్క విషయంలో ఇంకా అక్కడే ఉంది.

ట్రాక్టర్ లెక్క

మా చిన్నాయనకి ఒక ట్రాక్టర్, రోటవేటర్, విత్తనాలు పెట్టే డ్రిల్లు ఉన్నాయి. రాయికోడ్ చుట్టుపక్కల నల్లరేగడి భూముల్లో పత్తి, కంది, సోయా ఎక్కువ. వానాకాలం తొలి జల్లులు పడగానే అందరికీ ఒకే వారంలో ట్రాక్టర్ కావాలి. ఆ పది పదిహేను రోజుల్లో ఎవరి చెలకలో ఎంత దున్నాడో, ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరి బాకీ ఎంతో అన్నీ ఒక డైరీలో ఉండేవి. రెండో సంవత్సరం సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు, "ఇదంతా కంప్యూటర్‌లో పెడతా చిన్నాయనా" అని గొప్పగా చెప్పి మాక్రో రాశాను. ఒక బటన్ నొక్కితే రైతుకి చిట్టీ, రైతువారీ బుక్కు, రోజు మొత్తం, డ్రైవర్ కూలి, డీజిల్ సరాసరి, బాకీల షీట్ తయారవుతాయి. ఒకే సబ్, రెండు వందల లైన్ల పైనే.

దాన్ని మొదట తప్పు పట్టింది కంప్యూటర్ ఎన్నడూ ముట్టని ఒక పెద్దాయన. ఆయనవి మూడు చెలకలు. ఒక్కోటి 1.35, అంటే ఎకరం ముప్పై ఐదు గుంటలు. మాక్రో మూడింటినీ కూడి 4.05 అని చిట్టీ ఇచ్చింది. ఆయన చిట్టీ తెచ్చి నా ముందర పెట్టి అన్నాడు:

"మూడు చెలకలు కలిస్తే ఐదెకరాల ఇరవై ఐదు గుంటలు బిడ్డా. నువ్వు నాలుగెకరాల ఐదు గుంటలే రాసినవు. నాకు తక్కువేసినవు, మంచిగనే ఉంది గానీ, రేపు నీ మిషిన్ ఇంకొకనికి ఎక్కువేస్తే?"

లెక్క చూడండి. మూడు ముప్పై ఐదులు 105 గుంటలు. అందులో 80 గుంటలు రెండెకరాలు, మిగిలినవి 25. మూడెకరాలకి రెండెకరాలు కలిపితే ఐదు. కాబట్టి 5.25. ఎక్సెల్ 105లో వందని ఒక ఎకరం చేసి, మిగిలిన ఐదుని గుంటలుగా వదిలేసింది. ఎకరం ఇరవై గుంటలు మాయం.

ఇందులో ప్రమాదమంతా ఎక్కడుందంటే, 4.05 చూడ్డానికి శుభ్రంగా ఉంది. 3.20, 2.30 కూడితే 5.50 వస్తుంది. యాభై గుంటలు అన్న మాట ఎక్కడా వినం కాబట్టి మా ఊళ్ళో ఎవరికైనా కన్ను కొడుతుంది, తప్పని తెలిసిపోతుంది. 4.05ని పట్టుకోవాలంటే మాత్రం ఆ మూడు చెలకలూ తెలిసిన మనిషే కావాలి.

హడావుడి మరమ్మతు

ఆ సాయంత్రం కూర్చుని, ఎక్కడెక్కడ విస్తీర్ణం వాడానో అక్కడల్లా ఈ మూడు లైన్లు అతికించాను:

ఎకరాలు = ఇంట్(విలువ)
గుంటలు = ఇంట్((విలువ - ఎకరాలు) * 100)
అసలు = ఎకరాలు + గుంటలు / 40

కాపీ, పేస్ట్, కాపీ, పేస్ట్. ఎనిమిది చోట్ల. చిట్టీ సరిగ్గా వచ్చింది, బుక్కు సరిగ్గా వచ్చింది. నేను కాలేజీకి వచ్చేశాను.

తొమ్మిదో చోటు ఒకటుంది. డీజిల్ సరాసరి షీట్. అక్కడ వేరియబుల్‌కి వేరే పేరు పెట్టాను కాబట్టి వెతికినప్పుడు దొరకలేదు. ఆ షీట్ చేసేదేంటంటే, రోజుకి పోసిన డీజిల్‌ని దున్నిన ఎకరాలతో భాగించి, ఎకరానికి ఎన్ని లీటర్లు పట్టిందో చూపిస్తుంది. ఆ పెద్దాయన చెలకలు దున్నిన రోజే తీసుకోండి. 22 లీటర్లు పోశారనుకుందాం. నిజమైన విస్తీర్ణం 5.25 గుంటల లెక్కలో, అంటే 5.625 ఎకరాలు. ఎకరానికి 3.9 లీటర్లు. షీట్ మాత్రం 22ని 4.05తో భాగించి 5.4 అని చూపించింది. రోజూ అంతే. గుంటల్ని నూరో వంతులుగా చదివితే విస్తీర్ణం ఎప్పుడూ తగ్గుతుందే కానీ ఒక్కసారి కూడా పెరగదు. కాబట్టి డీజిల్ ఎప్పుడూ ఎక్కువ తాగినట్టే కనిపిస్తుంది.

ఎక్కువ తాగితే ఎవర్ని అనుమానిస్తారు? డ్రైవర్‌ని. పన్నెండేళ్ళుగా మా దగ్గర నడుపుతున్న మనిషి. చిన్నాయన నోరు తెరిచి ఏమీ అనలేదట కానీ, ట్యాంక్ నింపేటప్పుడు పక్కన నిలబడి చూడటం మొదలుపెట్టాడట. ఆ మనిషికి అర్థం కాకుండా ఉంటుందా? దసరాకి ఇంటికి వెళ్ళినప్పుడు నాకు ఈ విషయం తెలిసింది. లాప్‌టాప్ తెరిచి ఆ షీట్ ఫార్ములా చూసేసరికి అరచేతుల్లో చెమట పట్టింది.

నేను సిగ్గుపడింది కోడ్ పొడవుగా ఉన్నందుకు కాదు. ఒక నియమాన్ని, అంటే 'చుక్క తర్వాతవి గుంటలు, నలభై అయితే ఎకరం' అన్న ఒక్క ముక్కని తొమ్మిది చోట్ల విడివిడిగా నమ్ముకున్నందుకు. హెల్పర్ ఫంక్షన్ అంటే కోడ్‌ని పొట్టిగా చేసే చిట్కా అని మనకి మొదటి సంవత్సరంలో చెప్పేస్తారు. పొట్టిగా అవుతుంది, నిజమే. కానీ అది పక్క లాభం. నియమానికి ఒకే ఇల్లు, ఆ ఇంటికి ఒక పేరు ఉండటమే దాని అసలు పని.

మొదటి హెల్పర్

పాత మూడు లైన్లనే ఫంక్షన్‌లో పెడితే సరిపోతుందని మొదట అనుకున్నాను. పెట్టాను. పెట్టాక, మొదటిసారి ఆ మూడు లైన్లని విడిగా పరీక్షించే వీలు దొరికింది. పరీక్షిస్తే ఇంకో బొక్క బయటపడింది. 4.35 ఇస్తే 34 గుంటలు వచ్చాయి.

కారణం మీరు నంబర్ సిస్టమ్స్‌లో చదివినదే. 4.35ని కంప్యూటర్ బైనరీలో సరిగ్గా దాచుకోలేదు, వెంట్రుకవాసి తక్కువగా దాచుకుంటుంది. అందులోంచి 4 తీసేసి వందతో గుణిస్తే 34.99999 అని సాగుతూ పోయే సంఖ్య వస్తుంది. ఇంట్ దాన్ని నిర్దాక్షిణ్యంగా 34 చేస్తుంది. రౌండ్ వాడితే 35 వస్తుంది కదా అంటారు. వస్తుంది. కానీ అసలు గుంటల్ని దశాంశంగా చదవడమే తప్పయినప్పుడు, ఆ తప్పు మీద ఇంకో అతుకు ఎందుకు? ఇది సంఖ్య కాదు, రాత. రాతని రాతలాగే చదవాలి.

ఇంకో చిక్కు కూడా దీనితోనే తీరింది. మామూలు సెల్‌లో 3.20 అని కొడితే ఎక్సెల్ చివరి సున్నా కొట్టేసి 3.2 అని చూపిస్తుంది. ఇప్పుడది ఇరవై గుంటలా, రెండు గుంటలా? రెండు గుంటలైతే 3.02 అని రాయాలి. కానీ తొందరలో 3.2 అని కొట్టే మనిషి ఎప్పుడూ ఉంటాడు. హెల్పర్ ఊహించకూడదు, అడ్డం తిరగాలి. అందుకని విస్తీర్ణం కాలమ్‌ని ముందే టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చేసి, ఇలా రాశాను:

ఫంక్షన్ గుంటలు(బైవాల్ రాత యాజ్ స్ట్రింగ్) యాజ్ వేరియంట్
   డిమ్ ముక్కలు యాజ్ వేరియంట్
   గుంటలు = సివిఎర్(ఎక్స్ఎల్ఎర్వాల్యూ)
   ముక్కలు = స్ప్లిట్(ట్రిమ్(రాత), ".")
   ఇఫ్ యుబౌండ్(ముక్కలు) <> 1 దెన్ ఎగ్జిట్ ఫంక్షన్
   ఇఫ్ లెన్(ముక్కలు(1)) <> 2 దెన్ ఎగ్జిట్ ఫంక్షన్
   ఇఫ్ వాల్(ముక్కలు(1)) >= 40 దెన్ ఎగ్జిట్ ఫంక్షన్
   గుంటలు = వాల్(ముక్కలు(0)) * 40 + వాల్(ముక్కలు(1))
ఎండ్ ఫంక్షన్

చుక్క దగ్గర రాతని రెండు ముక్కలు చేస్తుంది. ముక్కలు సరిగ్గా రెండు కావాలి. రెండో ముక్కకి సరిగ్గా రెండు అంకెలుండాలి. అది నలభై కంటే తక్కువ ఉండాలి. అప్పుడే లెక్క. ఏది తప్పినా మొదట్లో పెట్టుకున్న ఎర్రర్ విలువే బయటికి పోతుంది. 3 అని వదిలేస్తే ఒప్పుకోదు, 3.00 అని రాయాలి. 3.45 ఒప్పుకోదు, ఎందుకంటే నలభై ఐదు గుంటలు ఉండవు. ఎవరో సెంట్లలో రాసుంటారు, లేదా చెయ్యి జారి ఉంటుంది.

రెండు చోట్ల ఆగండి. మొదటిది బైవాల్. విబిఎలో ఏమీ చెప్పకపోతే ఆర్గ్యుమెంట్ బైరెఫ్‌గా వెళ్తుంది. అంటే హెల్పర్ లోపల రాతని మారిస్తే, పిలిచినవాడి దగ్గరున్న వేరియబుల్ కూడా మారిపోతుంది. సాయానికి పిలిచిన మనిషి మన ఇంట్లో సామాను జరిపేసి పోయినట్టు. బైవాల్ అని రాయడం అలవాటు చేసుకోండి.

రెండోది ఎర్రర్. మొదటి ప్రయత్నంలో తప్పు రాతకి -1 ఇచ్చాను, సీ ప్రోగ్రామింగ్ అలవాటు. అయితే కూడే లూప్‌కి -1 కూడా ఒక సంఖ్యే. నిశ్శబ్దంగా ఒక గుంట తగ్గించి ముందుకు పోయింది. ఎర్రర్ విలువ అలా కాదు. దాన్ని దేనితో కూడబోయినా మాక్రో అక్కడే ఆగి టైప్ మిస్‌మ్యాచ్ అంటుంది. ఆగిపోయే మాక్రోని చూస్తే చిరాకేస్తుంది కానీ, నడిచిపోయే తప్పు కంటే అది నూరుపాళ్ళు నయం.

వెనక్కి మార్చేది చాలా చిన్నది:

ఫంక్షన్ ఎకరాలుగా(బైవాల్ గు యాజ్ లాంగ్) యాజ్ స్ట్రింగ్
   ఎకరాలుగా = (గు \ 40) & "." & ఫార్మాట్(గు మాడ్ 40, "00")
ఎండ్ ఫంక్షన్

పెద్దాయన మూడు చెలకలు ఒక్కోటి 75 గుంటలు. మొత్తం 225. నలభైతో భాగిస్తే 5, శేషం 25. రాత 5.25. లోపల ఎక్కడ కూడినా గుంటల్లోనే కూడతాం. మనిషికి చూపించేటప్పుడే ఎకరాలుగా మారుస్తాం.

చిన్నాయన పరీక్ష పెట్టాడు

విబిఎ ఫంక్షన్‌ని మామూలు మాడ్యూల్‌లో రాస్తే దాన్ని సెల్‌లో ఫార్ములాగా కూడా వాడొచ్చు. సమ్ అని కొట్టినట్టే గుంటలు అని కొట్టి, బ్రాకెట్‌లో సెల్ పేరు ఇస్తే చాలు. (అలా సెల్ నుంచి పిలిచిన ఫంక్షన్ వేరే సెల్ రంగు మార్చడం లాంటివి చేయలేదు. విలువ ఒక్కటే ఇవ్వగలదు. హెల్పర్‌కి అది మంచి క్రమశిక్షణే.) రెండు వందల లైన్ల సబ్‌కి ఈ వీలు లేదు. దాన్ని నడిపితే మొత్తం నడుస్తుంది, లేకపోతే లేదు.

ఒక కొత్త షీట్ తెరిచి చిన్నాయనకిచ్చాను. మొదటి కాలమ్‌లో ఆయనకి ఇష్టమొచ్చిన విస్తీర్ణం, రెండో కాలమ్‌లో ఆయన నోటిలెక్క, మూడో కాలమ్‌లో నా ఫంక్షన్. మాకు నోటిలెక్క ఎలా వస్తుందంటే, రైతు భరోసా ఎకరానికి ఒక సీజన్‌కి 6000 రూపాయలు. అంటే గుంటకి 150. 2025 జనవరిలో ఆ పథకం మొదలైనప్పటి నుంచీ తమ పాసుబుక్కుకి ఎంత పడాలో పైసాతో సహా చెప్పగలిగినవాళ్ళు ఊరంతా ఉన్నారు. 2.30 ఉంటే 110 గుంటలు, 16,500 రూపాయలు. చిన్నాయన ఇలా ఓ నలభై వరుసలు నింపాడు. మధ్యలో కావాలనే 2.40 అని ఒకటి, చుక్కకి బదులు కామా పెట్టి ఒకటి కొట్టాడు. రెండూ ఎర్రర్ ఇచ్చాయి. అప్పుడు నవ్వాడు.

కోడ్ ఒక్క ముక్క చదవలేని మనిషి నా కోడ్‌ని పరీక్షించాడు. ఆ ముక్కకి 'గుంటలు' అని పేరుంది కాబట్టీ, అదేం చెయ్యాలో నా కంటే ఆయనకే బాగా తెలుసు కాబట్టీ అది వీలైంది. అప్పటి నుంచి హెల్పర్లు ఎక్కడ విడగొట్టాలి అనేదానికి నాకొక కొలత దొరికింది. ఆ పేరు చెప్తే పని తెలిసిన మనిషి "దీనికి ఇది ఇస్తే అది రావాలి" అని చెప్పగలగాలి. గుంటలు, కిరాయి, బాకీ, చిట్టీ, ఇవన్నీ అలాంటి మాటలు. మధ్యలో ఉత్సాహం ఎక్కువై నేను చివరివరుస, సెల్‌తీసుకో, జోడించు అంటూ ఇరవైకి పైగా ఫంక్షన్లు చేశాను. జోడించు అనేది నిజంగా రెండు సంఖ్యల్ని కూడేది, అంతకుమించి ఏమీ లేదు! చదవాలంటే ఒక ఫంక్షన్‌లోంచి ఇంకోదాంట్లోకి దూకుతూ పోవాలి. పాత రెండు వందల లైన్లే నయమనిపించింది. సగం పైన తీసేశాను. చివరివరుస మాత్రం ఉంచుకున్నాను, ఎందుకంటే కాలమ్‌లో చివరి నిండిన సెల్‌ని వెతికే ఆ లైన్ నాకెప్పుడూ నోటికి రాదు.

అర గుంట వచ్చిన రోజు

ఇదంతా బాగుందనుకున్న నెలకి చిన్నాయన ఫోన్ చేశాడు. "ఒకాయన పాసుబుక్కుల 1.1250 అని ఉంది, నీది తీస్కుంటలేదు." ఎకరం పన్నెండున్నర గుంటలు. అన్నదమ్ములు పంచుకున్న భూముల్లో అర గుంటలూ పావు గుంటలూ వస్తాయని నాకు తెలియాల్సింది.

విబిఎలో మాడ్ గురించి ఇక్కడ ఒక హెచ్చరిక. దానికి భిన్నం ఇస్తే ముందు దగ్గరి పూర్ణసంఖ్యకి సవరించుకుని ఆ తర్వాత శేషం తీస్తుంది. పక్కనున్న \ గుర్తు కూడా అంతే. కాబట్టి అర గుంటని 0.5గా మోస్తే ఎకరాలుగా ఫంక్షన్‌లో అది చెప్పకుండా పోతుంది. దారి ఏంటంటే, లోపలి కొలతని ఇంకా చిన్నది చేయడం. రూపాయిల్లో కాకుండా పైసల్లో లెక్క పెట్టినట్టు గుంటలో నూరో వంతులు. ఎకరం అప్పుడు 4000. 1.1250 అంటే 4000కి 1250 కలిపితే 5250. చుక్క తర్వాత రెండంకెలే ఉంటే పక్కన రెండు సున్నాలు చేర్చాలి. మూడంకెలు వస్తే మాత్రం ఒప్పుకోకూడదు, పాత కారణమే.

హెల్పర్‌లో నాలుగు లైన్లు మార్చాను. అంతే అయిపోవాలి కదా? కాలేదు. చిట్టీలో ఒక లక్ష రూపాయల పైన కిరాయి కనిపించింది. నేను పిలిచిన చోట్లన్నీ ఇలా ఉన్నాయి మరి:

కిరాయి = గుంటలు(విస్తీర్ణం) * రేటు / 40

ఆ 40 చూశారా? నియమాన్ని హెల్పర్‌లో పెట్టానని మురిసిపోయాను కానీ, అందులో ఒక ముక్క బయటే ఉండిపోయింది. ఎకరం ఎన్ని భాగాలో పిలిచేవాడికి కూడా తెలిసి ఉండాల్సి వస్తే, ఇంటికి తాళం వేసి తాళంచెవి తొమ్మిది మందికి పంచినట్టే. అప్పుడు కిరాయికే ఒక హెల్పర్ రాశాను. విస్తీర్ణం, రేటు ఇస్తే రూపాయిలు ఇస్తుంది. సరాసరికి ఇంకొకటి. ఎకరానికి 4000 అనే సంఖ్య మాడ్యూల్ పైన ఒక కాన్‌స్టంట్‌గా ఒక్కసారే ఉంటుంది. ఇప్పుడు మెయిన్ సబ్‌లో వెతికితే 40 కానీ 4000 కానీ ఎక్కడా దొరకవు. నా దృష్టిలో రీఫ్యాక్టరింగ్ అయిపోయింది అనడానికి గుర్తు ఇది. లైన్ల లెక్క కాదు.

డీజిల్ సరాసరి షీట్ కూడా ఇప్పుడు ఆ హెల్పర్‌నే పిలుస్తుంది. పాత రోజులన్నిటికీ మళ్ళీ నడిపి, ప్రింట్ తీసి డ్రైవర్ అన్నకి ఇచ్చాను. ఆయన కూలి కూడా ఎకరాల లెక్కే. రెండు నెలలు తక్కువ పడింది. చిన్నాయన ఆ తేడా కట్టిచ్చాడు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని "తప్పు మిషిన్‌ది గదా" అన్నాడు. మిషిన్‌ది కాదని నేను చెప్పాను.

ఇదే తరహా ఇంకో రెండు సంగతులు త్వరగా చెప్పేస్తాను. సర్వే నంబర్ 12/3 అని మామూలు సెల్‌లో కొడితే మన కంప్యూటర్లలో ఎక్సెల్ దాన్ని మార్చి 12 చేస్తుంది. అదే రాతని మాక్రో నుంచి రాయిస్తే అమెరికా పద్ధతిలో చదివి డిసెంబర్ 3 చేస్తుంది! ముందు సెల్‌ని టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాత రాసే చిన్న హెల్పర్ ఒకటి పెట్టుకుని, సర్వే నంబర్లన్నీ దాని ద్వారానే రాయించండి. ఇది మన ఒక్కరి బాధ కాదు. మార్చ్1 లాంటి పేర్లున్న మానవ జన్యువుల్ని ఎక్సెల్ తేదీలుగా మారుస్తోందని, 2020లో శాస్త్రవేత్తలు ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మార్చ్1 ఇప్పుడు మార్చ్ఎఫ్1. రెండోది, సర్వే నంబర్ పక్కన అ, ఆ అని వచ్చే అక్షరాలు. ఎడిటర్‌లో తెలుగు రాయలేం కాబట్టి సిహెచ్ఆర్‌డబ్ల్యూ(3077) అంటే అ, 3078 అంటే ఆ. పది పదాల కంటే ఎక్కువుంటే ఈ నంబర్లతో కుస్తీ పట్టకండి. తెలుగు పదాలన్నీ ఒక షీట్‌లో రాసి పెట్టుకుని, వరుస నంబర్ ఇస్తే పదం తెచ్చిచ్చే హెల్పర్ రాసుకోండి.

ఫైల్‌ని వాట్సాప్‌లో పంపిస్తే మాక్రో నడవదు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోల్ని 2022 నుంచి ఆఫీస్ తనంతట తానే ఆపేస్తోంది. ఫైల్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి అన్‌బ్లాక్ టిక్ పెట్టాలి. మీరు రాసిందే అయితేనే పెట్టండి.

మొన్న యాసంగి శనగలకి ముందు చిన్నాయన ఇంకో కాలమ్ అడిగాడు. కొందరు రైతులు ఎకరాల లెక్కన కాకుండా గంటల లెక్కన కిరాయి మాట్లాడుకుంటారు. ఆయన డైరీలో అది కూడా 2.30 అనే ఉంది. రెండు గంటల ముప్పై నిమిషాలు. అంటే ఒకే 2.30 మా చిన్నాయనకి ఒక పేజీలో నలభై లెక్క, పక్క పేజీలో అరవై లెక్క. నా రూమ్‌మేట్‌కి వంద లెక్క.

గుంటలు ఫంక్షన్‌ని కాపీ చేసి 40ని 60 చేయబోయి ఆగాను. చుక్క దగ్గర విరిచే పని, అంకెలు లెక్కపెట్టే పని, పరిమితి దాటితే అడ్డం తిరిగే పని మూడిట్లోనూ ఒకటే. వాటిని చుక్కరాత అనే లోపలి ఫంక్షన్‌లోకి దించి, పరిమితిని ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చాను. గుంటలు దాన్ని 40తో పిలుస్తుంది, నిమిషాలు 60తో. ఆ రెండూ ఒక్కో లైన్ మాత్రమే. అయినా తీసేయలేదు, ఎందుకంటే చిన్నాయనకి తెలిసిన పేర్లు అవే. తెనాలివాడు చూసి సెంట్లు అని 100తో ఒకటి తనే చేర్చాడు. వాళ్ళ నాన్న కౌలు లెక్కల కోసమట. అది పరీక్షించే షీట్ ఇంకా ఖాళీగానే ఉంది, సంక్రాంతికి ఇంటికి తీసుకెళ్తానన్నాడు.